లివరు వెనక్కే ఉంది

చినబాబుకి జుట్టంతా తెల్లబడింది, ముందు పళ్ళు కట్టించుకున్నాడు, మెట్టు మెట్టుకీ మోకాలు పట్టుకుని ఆగుతాడు. అయినా ఊరందరికీ ఇంకా చినబాబే. అన్న పెదబాబు పోయి ఏళ్ళయినా ఆ పిలుపు మారలేదు, మార్చమని ఈయనా అడగలేదు. చినబాబుగా ఉండిపోవడంలో ఒక సుఖం ఉంది. ఏం చేసినా చిన్నతనం కింద కొట్టుకుపోతుంది.

ఆ గురువారం పొద్దున ఆయన భార్యని వెంటబెట్టుకుని మరమ్మతు షెడ్డుకి వచ్చేసరికి కారు ముందు మూత రెండు వైపులా రెక్కల్లా లేచి ఉంది. ఒక రెక్క కింద చిటపట నడుము దాకా దూరిపోయి పని చేస్తోంది. బయటికి కనిపిస్తున్నవి నూనె మరకల ప్యాంటూ, అరిగిన చెప్పులూ మాత్రమే.

చిటపట ఆమె అసలు పేరు కాదు. ఇంజనుకి నిప్పురవ్వ అందించే మాగ్నెటోలు విప్పి, కాలిపోయిన తీగ తీసేసి కొత్తది చుట్టి, చచ్చిన రవ్వని బతికించడం ఆమె పని. రవ్వ చిటపటమంటుంది. ఆమె నోరూ అంతే. ముందు ఎవరన్నారో గాని, నలభై దాటిన మనిషిని షెడ్డంతా అలాగే పిలుస్తుంది, ఆమె పలుకుతుంది. షెడ్డు ఆమె మేనమామది. ఊరికి ఆయన మేస్త్రీ, ఆమెకి మావయ్య.

"ఏం మేస్త్రీ, మా ముసల్ది లేచి కూర్చుందా?" అన్నాడు చినబాబు.

"కూర్చోవడమేంటి బాబూ, ఆదివారానికి పరిగెడుతుంది," అన్నాడు మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

ఆ కారు వాళ్ళ తాత కొన్నది. పడవంత పొడుగు, గుమ్మడికాయలంత ఇత్తడి దీపాలు, వెనక గదిలో తోలు సోఫాలు, కిటికీలకి పట్టు తెరలు. వెనక గదికి పైకప్పు ఉంది. డ్రైవరు కూర్చునే చోటికి లేదు. నీడ వాళ్ళకి, ఎండా వానా డ్రైవరుకి అని ఎవడో ఆలోచించి మరీ చేశాడు. ఏళ్ళ తరబడి కొట్టంలో పడి ఉన్న ఆ బండిని లాక్కొచ్చినప్పుడు ఇంజను బిగుసుకుపోయి రాయిలా ఉంది. సిలిండర్లలో కిరసనాయిలు పోసి నానబెట్టారు. మేస్త్రీ బేరింగులకి తెల్లలోహం కరిగించి పోసి, ఇరుసుకి నీలం రాసి తిప్పి చూసి, నీలం అంటిన చోటల్లా గీకి, మళ్ళీ రాసి, మళ్ళీ గీకాడు. ఎండి అట్టకట్టిన క్లచ్చు తోలుకి ఆముదం తాగించారు. ఇక మిగిలింది రవ్వ పని, స్టీరింగు మీది లివర్ల పని.

"ఆదివారం మా ఇంటి ముందే స్టార్టు చెయ్యాలి. పాత కార్ల సంఘం వాళ్ళొస్తున్నారు," అన్నాడు చినబాబు. "హ్యాండిలు మాత్రం నేనే తిప్పుతా. మా తాత బండి, నా చేత్తోనే లేవాలి."

"మీరెందుకు బాబూ, నేనున్నాగా."

"నాకు తెలియందా? ఈ బండి పక్కనే పెరిగాను." చినబాబు ఇత్తడి దీపం మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఆయన అలా నిలబడితే కథ మొదలవబోతోందని అర్థం. "మాకో డ్రైవరుండేవాడు మేస్త్రీ. మహా పనిమంతుణ్ణని వాడికి. ఒకరోజు స్పార్కు లివరు వెనక్కి లాక్కోకుండా పోయి హ్యాండిలు తిప్పాడు. టక్! మణికట్టు ముల్లంగి విరిగినట్టు విరిగింది. విరిగాక ఏమన్నాడనుకున్నావ్?"

చినబాబు భార్య ఈ కథ ఎన్నిసార్లు విన్నదో, నవ్వాల్సిన చోటు రాకముందే నవ్వు సిద్ధం చేసుకుంది.

"'లివరు వెనక్కే ఉంది, లివరు వెనక్కే ఉంది' అని ఒకటే ఏడుపు! కళ్ళెదురుగా అది ముందుకుంటే!"

మేస్త్రీ నవ్వలేదు. రెక్క కింద రెంచీ చప్పుడు ఆగిపోయింది.

ఆ రోజుల కార్లకి స్విచ్చు నొక్కితే లేచే భాగ్యం లేదు. ముందు వంగి హ్యాండిలు తిప్పాలి. స్పార్కు లివరు వెనక్కి లాగి ఉంటే రవ్వ నిదానంగా పడుతుంది, హ్యాండిలు చెప్పిన మాట వింటుంది. ముందుకి తోసి ఉంటే రవ్వ తొందరపడుతుంది, ఇంజను ఉల్టా తన్నుతుంది. గాడిద తన్ను దాని ముందు దిగదుడుపు. అందుకే లివరు మర్చిపోయిన డ్రైవరంటే స్టాండులో కుక్కకి కూడా లోకువ.

"స్టార్టయ్యాక లివర్లు సర్దడానికి సీట్లో ఒకరుండాలి కదా," అన్నాడు చినబాబు. "ఎవరిని కూర్చోబెడతావ్?"

చిటపట రెక్క కిందనుంచి బయటికి వచ్చింది. చెంప మీద నల్ల మరక. చినబాబు ఆమెని ఎగాదిగా చూశాడు.

"ఈ అమ్మాయి ఉందిగా. రవ్వ పని చేసిన చెయ్యి, తేలిగ్గా ఉంటుంది. ఈమెనే కూర్చోబెట్టు," అన్నాడు.

"అలాగేనండి," అంది చిటపట, మావయ్య నోరు తెరిచేలోపే.

ఆమె ఎవరి కూతురో ఆయన అడగలేదు. అడగాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు. తిరిగి వెళ్ళడానికి తన కారెక్కుతూ భార్యకి ముల్లంగి ముక్క మళ్ళీ చెప్పి తనే నవ్వుకున్నాడు. చిటపట రెంచీని ఎంత గట్టిగా పట్టుకుందంటే, వదిలాక దాని అచ్చు అరచేతిలో ఉండిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తండ్రి ముక్కాలిపీట మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. పెట్టుకోవడం అంటే యుద్ధమే. కుడిచెయ్యి మణికట్టు దగ్గర పక్కకి తిరిగి అతుక్కుంది. వేళ్ళు వంగుతాయి గాని వంగాల్సిన వైపు వంగవు. ఎడమ చేత్తో గుండీ పట్టుకుని, కుడిచేతి వేళ్ళతో చొక్కా అంచు లాగి, దవడ బిగించి తోస్తాడు. సాయం చేస్తానంటే కసురుతాడు. కూతురు ఎప్పుడో మానేసింది.

ఊళ్ళో ఆయన్ని లివరు అంటారు. ముందు డ్రైవర్ల స్టాండులో పుట్టిన పేరు అది. చెయ్యి విరిగిన రోజునుంచి ఆయనకి ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. కర్రల డిపోలో కాపలా పని చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ స్టాండు మీదుగా వెళ్ళడు, చుట్టు తిరిగి వెనక సందులోంచి వెళ్తాడు. చిటపట చిన్నప్పుడు బడిలో లివరు కూతురు. చిటపట అన్న పేరు వచ్చినప్పుడు ఆమె అంత సులువుగా ఒప్పుకోవడానికి కారణం అదే. దానికన్నా ఏదైనా నయమే.

"ఇవాళ ఏం చేశారు?" అన్నాడు తండ్రి. రోజూ ఇదే ప్రశ్న. తన చెయ్యి విరిచిన బండంటే ఆయనకి కోపం లేదు. క్లచ్చు తోలుకి ఆముదం పెట్టమన్నది ఆయనే.

"రేపు లివర్ల పట్టీ విప్పుతాం."

గుండీ తోస్తున్న చెయ్యి ఆగింది. "పళ్ళు చూడు," అన్నాడు.

"ఏ పళ్ళు?"

"పట్టీ పళ్ళు. లివరు వాటిలో కరుచుకుని ఉంటుంది. అరిగి ఉంటే ఊపుకి దానంతటదే ముందుకి జారొచ్చు." చొక్కా అంచు వదిలేశాడు. "అది జారిందో ఏమో. ఆ పిల్లాడి మీద ఊరికే పడ్డానేమో."

"నాన్నా! వాడు సీట్లో కూర్చున్నాడు. వాడు నవ్వడం విన్నానన్నావు."

"విన్నాను. ముందు వంగి ఉన్నవాణ్ణి, చూడలేదుగా. కూర్చుంటా కూర్చుంటా అని గోల పెడితే నేనే ఎక్కించాను. ఏదీ ముట్టుకోకు చినబాబూ అన్నాను. లివరు లాగే దిగాను." ఆయన గొంతు తగ్గింది. "లాగాననే అనుకుంటాను. అందరూ అన్నేళ్ళు కాదంటే మనకీ అనుమానం వస్తుందే. ఒక్కోసారి కలలో చూస్తా. ముందుకే ఉంటుంది."

చిటపటకి ఒళ్ళు మండిపోయింది. ఎముక విరిగిందంటే సరే, ఎముకలు విరుగుతాయి. మనిషికి తన చెయ్యి తను చేసిన పని మీద నమ్మకం పోవడం ఏమిటి? అది కూడా వాడే లాక్కున్నాడు. జ్వరం వచ్చినప్పుడల్లా ఈయన "లివరు వెనక్కే ఉంది" అని గొణిగేది ఎవరికో చెప్పడానికి కాదని, తనకి తను చెప్పుకోడానికని ఆమెకి ఇప్పుడు తెలిసింది.

శుక్రవారం స్టీరింగు నడిబొడ్డున ఉన్న మూత తీసింది. కింద అర్ధచంద్రంలా వంగిన ఇత్తడి పట్టీ, దాని అంచున సన్నటి పళ్ళు. రెండు లివర్లు, ఒకటి పెట్రోలుకి, ఒకటి స్పార్కుకి. కిరసనాయిలులో కుంచె ముంచి పాత గ్రీజు కడిగింది. నల్లటి మురికి కారిపోయాక పళ్ళు బయటపడ్డాయి. గోరుతో ఒక్కోదాన్నీ తడిమి చూసింది. ఒక్కటీ అరగలేదు. కొత్త రంపం పళ్ళలా ఉన్నాయి.

లివరు తల కింద చిన్న మీట ఉంది. మీట నొక్కకుండా లివరుని బలంగా తోసింది. కదల్లేదు. పిడికిలితో గుద్దింది. కదల్లేదు. మీట మీద వేలు ఆనించి నొక్కింది. వెన్నలో కత్తిలా ముందుకి వెళ్ళింది.

"మావయ్యా, ఇలా రా."

మేస్త్రీ కళ్ళజోడు నుదుటి మీదనుంచి దించుకుని చూశాడు. తనూ తోసి చూశాడు, గుద్ది చూశాడు. కళ్ళజోడు మళ్ళీ నుదుటి మీదికి ఎక్కించుకున్నాడు.

"జారే వస్తువు కాదు ఇది," అంది చిటపట.

"కాదు."

"మరి?"

"మరి లేదు గిరి లేదు. పళ్ళేమైనా కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తాయా? మీ నాన్న లాగలేదంటారు, అంతే. పాత పుండు గోక్కుంటే రక్తం తప్ప ఏం రాదు. గ్రీజు పెట్టి మూసెయ్."

ఆమె గ్రీజు పెట్టింది. మామూలుకన్నా కాస్త ఎక్కువే పెట్టింది, మీట మీద.

శనివారం పొద్దున షెడ్డులోనే మొదటిసారి లేపారు. మేస్త్రీ హ్యాండిలు పట్టుకున్నాడు, బొటనవేలు మడిచి మిగతా వేళ్ళ పక్కనే పెట్టుకుని. బొటనవేలు చుట్టేసి పట్టుకుంటే తన్నినప్పుడు ముందు అది పోతుంది. చిటపట పైకప్పు లేని సీట్లో కూర్చుంది. రవ్వ పడకుండా స్విచ్చు ఆపి రెండు తిప్పులు తిప్పాడు, పెట్రోలు లోపలికి పీల్చుకోడానికి. తర్వాత తలెత్తకుండానే, "ఊ," అన్నాడు. ఆమె స్విచ్చు వేసింది. లివరు ఎక్కడుందని ఆయన అడగలేదు.

ఒక్క గుంజు గుంజాడు. బండి దగ్గింది, ఉమ్మింది, తెల్లటి పొగ వదిలింది. ఆమె లివరు మెల్లగా ముందుకి జరిపేసరికి గొంతు సవరించుకుని తిరగడం మొదలుపెట్టింది. ఎంత నెమ్మది! నిద్రపోతున్న పెద్ద జంతువు ఊపిరిలా ఉంది. షెడ్డులో అందరూ పని వదిలేసి నిలబడిపోయారు. దాని మీద ఎంత పగ ఉన్నా చిటపట కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా నాన్న దీన్ని తిట్టనిది ఇందుకే అనుకుంది, ఆ అనుకోవడం ఆమెకి ఇంకా కోపం తెప్పించింది.

మధ్యాహ్నం అందరూ టీకి వెళ్ళినప్పుడు ఆమె వెళ్ళలేదు. లివరు ముందుకి తోసింది. స్విచ్చు వేసింది. హ్యాండిలుకి జనపతాడు మెలి వేసి, పక్కకి జరిగి నిలబడి, తాడు పట్టుకుని పైకి గుంజింది.

ధడేలుమంది. హ్యాండిలు గిర్రున వెనక్కి తిరిగింది. తాడు అరచేతిని కోసుకుంటూ జారి, పాములా ఎగిరి నేలని కొట్టింది. ఆమె కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోయింది. అరచేతిలో తోలు లేచి ఎర్రగా ఉంది. ఆ చోటుని చూసుకుంటూ ఆమె నవ్వింది. ఆ తాడు జాగాలో చినబాబు ముసలి మణికట్టుని మనసులో పెట్టి చూసుకుంది. రేపు అదే సీటు. అప్పుడు సీట్లో ఉన్నవాడు ఇప్పుడు ముందుంటాడు, ముందున్నవాడి కూతురు సీట్లో ఉంటుంది. వేలు కదిలినంత పని. వెంటనే మళ్ళీ వెనక్కి లాగేస్తే ఏ పళ్ళూ సాక్ష్యం చెప్పవు.

"అరచెయ్యి ఏమైంది?"

మేస్త్రీ టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"తాడు కోసింది."

ఆయన తాడుని చూశాడు, హ్యాండిలుని చూశాడు, స్టీరింగు మీద లివరుని చూశాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఏమే, నీకు మతి ఉందా? డెబ్బైకి దగ్గరపడ్డ ఎముక. మళ్ళీ అతకదు."

"మా నాన్నది అతికిందా?"

"నిన్ను సీట్లోంచి దింపేస్తా."

"దింపు. ఏం చెప్పి దింపుతావో చెప్పు, వింటా."

బావ చెయ్యి విరిగిన రోజు మేస్త్రీ కూడా కుర్రాడే. పెద్దింటి వాళ్ళతో మనకెందుకన్నవాళ్ళలో ఆయన తండ్రీ ఒకడు. ఆయన తాడు చుట్ట చుట్టి మేకుకి తగిలించాడు.

"నీ వేలు, నీ లివరు," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "ఏం చేస్తావో నీ చేతిలో ఉంది. తర్వాత జనం ఏం చెప్పుకుంటారో మాత్రం నీ చేతిలో ఉండదు. అది ఆలోచించుకో."

చిటపట ఆలోచించుకోలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఆదివారం చినబాబు ఇంటి ముందు కుర్చీలు వేశారు. పాత కార్ల సంఘం వాళ్ళు టోపీలు పెట్టుకుని బండి చుట్టూ తిరుగుతూ, ఇత్తడిలో తమ మొహాలు చూసుకుంటూ మురిసిపోతున్నారు. చినబాబు తెల్లచొక్కా వేసుకున్నాడు. చేతి గడియారం విప్పి భార్యకిచ్చాడు. ఒక చొక్కా చెయ్యి పైకి మడిచాడు, రెండోది మడవబోతూ ఆగి దీపం మీద చెయ్యేశాడు.

"మాకో డ్రైవరుండేవాడు..."

చిటపట అప్పటికే సీట్లో ఉంది. స్పార్కు లివరు వెనక్కి లాగి ఉంది. వేలు మీట మీద ఉంది. పైకప్పు లేని చోట ఎండ సూటిగా నడినెత్తిన పడుతోంది. ఆమె కథ వింటోంది. ఈసారి కథలో డ్రైవరు తాగి కూడా ఉన్నాడు. ఆమె తండ్రి ఒంట్లో చుక్క పడి ఎరగదు. జనం నవ్వారు. ముల్లంగి దగ్గర ఇంకా నవ్వారు. నవ్వండి, ఇంకాసేపు నవ్వండి అనుకుంది చిటపట.

చినబాబు కథ ముగించి, హ్యాండిలు దగ్గరికి వచ్చి, ఆమె వైపు వేలు ఊపాడు. "అమ్మాయ్, నువ్వైనా గుర్తుంచుకో. లివరు వెనక్కి."

"లివరు వెనక్కే ఉందండి," అంది.

"వాడూ ఇదే అన్నాడు!" అన్నాడు చినబాబు చటుక్కున. గుంపంతా పగలబడి నవ్వింది. టోపీవాడొకడు కళ్ళు తుడుచుకున్నాడు.

చిటపటకి నెత్తి మీద ఎండ చల్లబడినట్టయింది. తండ్రి మాట తన నోట్లోంచి వచ్చింది, వచ్చీ రాగానే నవ్వులపాలైంది. ఇప్పుడు వేలు నొక్కితే? ఈయన మణికట్టు విరుగుతుంది, నిజమే. తర్వాత? లివరు వెనక్కే ఉందని తను ప్రమాణం చేసినా ఎవడు నమ్ముతాడు? మర్చిపోయిందంటారు. అయ్య ఎలాంటివాడో కూతురూ అంతే, వాళ్ళ వంశానికే లివరు గుర్తుండదంటారు. రేపటినుంచి చినబాబు కట్టు కట్టిన చేత్తో దీపం మీద చెయ్యేసి రెండు కథలు చెప్తాడు. మావయ్య నిన్న అన్నది ఇదన్నమాట. ఈ వేలుతో తను విరిచేది ఆయన ఎముకని, మూసేది తండ్రి నోటిని.

చినబాబు వంగాడు. స్విచ్చు ఆపి ఉండగానే రెండు తిప్పులు తిప్పాడు. బాగానే తిప్పాడు. బొటనవేలు మడిచి వేళ్ళ పక్కనే పెట్టాడు.

"చినబాబుగారూ," అంది చిటపట. గొంతు ఆమె అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "బొటనవేలు అలా పెట్టడం ఎవరు నేర్పారండీ?"

"ఏంటి?"

"ఆ పట్టు. ఎవరు నేర్పారు?"

"ఇదా... మా డ్రైవరే," అన్నాడాయన తల ఎత్తకుండా.

"ఆయన కూతుర్ని నేను. ఇప్పుడు తాగాడన్నారే, ఆయన. ఊళ్ళో లివరు అంటారు."

ఆమె స్విచ్చు వేసింది. ఆ టిక్కుమన్న చప్పుడు అందరికీ వినిపించింది. చినబాబు సగం వంగినవాడు అలాగే ఆగిపోయాడు. ఆయన చూపు ఆమె మొహం మీదికి రాలేదు. తిన్నగా ఆమె వేలు మీదికి వెళ్ళింది.

"లివరు వెనక్కే ఉంది," అంది చిటపట. "ఈసారి అందరూ వచ్చి చూసుకోండి."

టోపీవాళ్ళలో ఒకాయన, పాపం ఏమీ తెలియనివాడు, మెడ సాచి చూశాడు. "వెనక్కే ఉంది సార్, తిప్పండి," అన్నాడు ఉత్సాహంగా.

చినబాబు హ్యాండిలు పట్టుకున్నాడు. వదిలేశాడు. మళ్ళీ పట్టుకున్నాడు.

"మేస్త్రీ, ఆ అమ్మాయిని దిగమను."

"ఒకరు కూర్చోవాలి కదా బాబూ," అన్నాడు మేస్త్రీ. "తేలిక చెయ్యి అని మీరేగా పెట్టమన్నారు."

"పోనీ చెయ్యి తియ్యమను."

"ఎందుకండీ?" అంది చిటపట. "పట్టీ పళ్ళు కొత్తవాటిలా ఉన్నాయి, నేను విప్పి చూశాను. ఊపుకి జారదు, గుద్దినా కదలదు. ఎవరో ఒకరు మీట నొక్కి తోస్తే తప్ప ముందుకి పోదు."

"అదే చెప్తున్నా! తోస్తే?" చినబాబు గొంతు కీచుమంది. "తోస్తే ఏమవుతుందో నీకేం తెలుసు? ఇంత తోస్తే చాలు, చిటికెన వేలంత! ఆ తన్ను నేను ఇదే సీట్లోంచి..."

ఆగిపోయాడు.

"డ్రైవరు మర్చిపోయాడన్నారుగా," అంది ఆయన భార్య. తిట్టినట్టు అనలేదు, ఇంట్లో తాళాలు ఎక్కడ పెట్టారని అడిగినట్టు అడిగింది. "మరి తోసిందెవరు?"

చినబాబు ఆవిడ వైపు చూశాడు. కట్టుడు పళ్ళ మధ్య నాలుక తడుముకుంది. "చిన్నతనం," అన్నాడు. "ఏమవుతుందో చూద్దామని..."

ఎన్ని వందలసార్లు ఈ కథకి నవ్విందో ఆవిడ. గడియారం కోసం ఆయన చెయ్యి చాచాడు. ఆవిడ దాన్ని ఆ చేతిలో పెట్టలేదు. కారు మెట్టు మీద పెట్టి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

చిటపట మీట మీదనుంచి వేలు తీసింది. ఎముక విరగలేదే అన్న బాధ ఆమెలో ఒక మూల ఉండనే ఉంది, అబద్ధమెందుకు. ఆ చప్పుడు వినాలని ఉంది. కాని ఆ వాకిట్లో ఇంక ఎవరూ నవ్వడం లేదు. అది వినడానికి ఇంకా బాగుంది.

"జరగండి బాబూ," అన్నాడు మేస్త్రీ. వంగి, బొటనవేలు మడిచి, "ఊ" అన్నాడు. ఒకే ఒక్క గుంజు. బండి లేచింది. ఆమె మీట నొక్కి లివరు ముందుకి జరిపింది, జరపాల్సిన సమయానికి, జరపాల్సినంత. తాత కారు నెమ్మదిగా ఊపిరి తీస్తుంటే, ఒక చొక్కా చెయ్యి మడిచి, ఒకటి మడవకుండా చినబాబు పొగలో నిలబడి ఉన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు షెడ్డు మలుపు దగ్గర మేస్త్రీ తనలో తను నవ్వుకున్నాడు. "గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాట్ట," అన్నాడు. "ఇక ఆ గుమ్మం మనం తొక్కక్కర్లేదులే."

"నీ షెడ్డుకి దెబ్బా మావయ్యా?"

"తగిలితే తగిలింది. మా అయ్య నోరు మూసుకున్నందుకు ఎప్పుడో తగలాల్సింది. మీ నాన్నకి నువ్వే చెప్పు. నేనొస్తే ఏడుస్తా."

ఇంట్లో తండ్రి ముక్కాలిపీట మీదే ఉన్నాడు. చొక్కా వేసుకుని ఉన్నాడు, గుండీలు పెట్టుకోలేదు. ఎప్పటినుంచి అలా కూర్చున్నాడో.

"లేచిందా?"

"ఒక్క గుంజుకే."

"చినబాబు తిప్పాడా?"

"లేదు, మావయ్య. చినబాబుకి భయమేసింది. నేను సీట్లో ఉన్నానని."

ఆయన వంకర మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

"మరి లివరు..."

"వెనక్కే ఉంది నాన్నా. అప్పుడు కూడా. తోసింది తనేనని తన నోటితోనే అన్నాడు, అందరి ముందూ."

తండ్రి తల వంచుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని ఆమె దగ్గరికి వెళ్ళబోయింది. ఆయన తల ఊపుతున్నాడు, మెల్లగా, ఎప్పుడో పోయిన వస్తువు జేబులోనే దొరికినవాడిలా. "లాగాను," అన్నాడు. "లాగే దిగాను."

తర్వాత లేచి నిలబడి, రెండు చేతులూ పక్కలకి వదిలేసి, ఆమె ముందుకి వచ్చాడు.

"గుండీలు పెట్టు," అన్నాడు. "స్టాండు దాకా వెళ్ళొస్తా."